తాడు పుస్తకానికి కాపలా

ఆ రోజుల్లో మనిషికి సందేహం వస్తే కడుపులో పెట్టుకునేవాడు కాదు. మా రేవు దగ్గరికి వచ్చి తాడు పుస్తకంలో రాసి పోయేవాడు. పంటు (మనుషుల్నీ సైకిళ్ళనీ గేదెల్నీ కలిపి ఏరు దాటించే పెద్ద బల్లకట్టు) అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చేలోపు దాని కింద మూడు జవాబులు ఉండేవి. అందులో రెండు తప్పు, మూడోది తిట్టు. ఆ తిట్టుని ఏం చేయాలన్నది నా ఉద్యోగం. ఉద్యోగం అంటే జీతం ఉందనుకునేరు, ఏమీ లేదు. రాజోలు నుంచి మా రేవుకి వచ్చే దారిలో ఎవరినడిగినా అప్పట్లో నన్ను చూపించి, "అదుగో, పుస్తకం కాసేవాడు" అనేవారు. ఆ మాట వినడానికే నేను రోజూ సాయంత్రం అటూ ఇటూ రెండుసార్లు ఎక్కువ తిరిగేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, సిగ్గుపడవలసినవి ముందు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

తాడు పుస్తకం అంటే రేవు పక్కన మా యువజన సంఘం వాళ్ళు పెట్టిన చదువుల పాక వసారాలో స్తంభానికి కట్టిన పెద్ద గీతల పుస్తకం. మొదట ఊరికే బల్ల మీద పెట్టారు. వారానికే ఎవరో పట్టుకుపోయారు. రెండోది పెట్టి దానికి కొబ్బరి పీచు తాడు కట్టారు. ఆ తాడు పేనింది మా అమ్మ. కూర్చునేవాళ్ళు అరుగు మీదా, బల్ల మీదా, ఎదురుగా టీ బడి బెంచీ మీదా కూడా రాసుకోవాలన్నారని మూడుసార్లు తాడు పొడుగు పెంచింది. ఎవరైనా రావచ్చు, రాయవచ్చు. పేరు పెట్టడం, పెట్టకపోవడం వాళ్ళ ఇష్టం. "మా చెట్టుకి పిందెలు రాలిపోతున్నాయి, ఏం చేయాలి?" అని ఒకరు రాస్తే, "చెట్టు మొదట్లో ఉప్పు వేయండి" అని ఒకరు, "ఉప్పు వేసి మాది చచ్చింది" అని ఇంకొకరు, "నీది ముందే చచ్చింది, ఉప్పు తర్వాత వేశావు" అని మూడోవారు. అమలాపురం ఆసుపత్రిలో డాక్టరు ఏ రోజు ఉంటాడు, వరికి సుడిదోమ పడితే ఏ మందు, పిల్లకి ఏం పేరు పెట్టాలి, అన్నీ అందులోనే. సంఘంలో ఎవరికీ ఒక్క పైసా ముట్టేది కాదు. కానీ ఆ పుస్తకం కోసం జరిగినన్ని తగాదాలు పొలం గట్ల కోసం కూడా జరగలేదు.

అందుకని నాలుగు షరతులు పెట్టారు. పార్టీల సంగతి రాయకూడదు. కులం, మతం ఎత్తకూడదు. ఆడవాళ్ళ ఊసు ఎత్తకూడదు. ఒకరింటి గుట్టు ఇంకొకరు రాయకూడదు. తప్పితే ఆ రాత మీద మైదా పిండి జిగురుతో తెల్ల కాగితం అంటించేస్తారు. మళ్ళీ చేస్తే, లేదా మొదటిదే పెద్ద తప్పయితే, 'తాడు దూరం'. అంటే పుస్తకాన్ని పట్టుకుని తాడు ఎంతవరకు సాగుతుందో అంతవరకు లాగి, అక్కడ నేల మీద సున్నంతో అరచందమామలా ఒక గీత గీసి ఉంచాం. శిక్ష పడ్డవాళ్ళు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. నవ్వుకోకండి. ఆ గీత బయట నుంచున్న మగాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను.

ఇక ఈ కాపలాకి నన్నే ఎందుకు పెట్టారయ్యా అంటే, అంతకుముందు కాసినవాళ్ళకి ఊళ్ళో అందరూ చుట్టాలే. పొద్దున్న కాగితం అంటించి, మధ్యాహ్నం మేనత్త వచ్చి ఏడిస్తే సాయంత్రం పీకేసేవారు. నాకు మొహమాటం లేదు. ఇరవై ఏడేళ్ళొచ్చేదాకా అక్షరం ముక్క రాదు, గునపానికి కొబ్బరికాయలు వొలుచుకుంటూ బతికాను, ఎవరికైనా మొహం మీదే చెప్పేవాణ్ణి. వయోజన విద్య అని క్లాసులు పెడితే వెళ్ళి, ఎనిమిది నెలల్లో చదవడం నేర్చుకున్నాను. సంఘం పెద్ద (ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు వేసుకునే ఉండేవారు కాబట్టి గొడుగు మావయ్యగారు అనేవాళ్ళం) నా గురించి నలుగురిలో ఇలా సిఫారసు చేశారు: "వీడు నెమ్మదిగా చదువుతాడండి. నెమ్మదిగా చదివేవాడు ఒక్క ముక్క కూడా వదలడు." అది పొగడ్త అనుకుని ఆ రాత్రి మా అమ్మకి చెప్పాను. (చెప్పాననే గుర్తు. ఇందులో కూడా నాకిప్పుడు అనుమానమే.)

నెమ్మదిగా చదవడంలో ఒక లాభం ఉంది. ఎవరి చేతిరాత ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చేసింది. పేరు పెట్టకపోయినా పట్టేసేవాణ్ణి. ఒకసారి కుట్టుమిషను బావగారికి నెలరోజులు తాడు దూరం వేశాను. ఆయన గీతకి అవతల మిషను వేసుకుని కూర్చుని, జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళ చేత తన మాటలు రాయించడం మొదలుపెట్టాడు. "నోరు నాదేనోయ్, చెయ్యి నాది కాదుగా. నా నోటికి కూడా సున్నం గీస్తావేంటి?" అని నా మొహం మీదే నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవడి నోరు ఎక్కడెక్కడ తిరుగుతుందో నేనెక్కడ పట్టుకోను? చెయ్యయితే పుస్తకంలో దొరికిపోతుంది. అంచేత ఆ వారమే సంఘంలో చెప్పి అయిదో షరతు పెట్టించాను: ఎవరు చెప్పి రాయించినా సరే, రాసిన చెయ్యిదే పూచీ. అందరూ భేష్ అన్నారు. పెద్ద మేష్టారు ఒక్కరే (మా ఊరి బడిలో అందరికీ చదువు చెప్పి రిటైరైనవారు) కళ్ళజోడు తుడుచుకుంటూ, "చూసుకోరా అబ్బాయ్, రాయడం రానివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు" అన్నారు. నేను వినలేదు. రాయడం వచ్చి పట్టుమని ఏడాది కాలేదు, అప్పుడే రానివాళ్ళంటే నాకు లెక్క లేకుండా పోయింది.

నాకు అక్షరాలు నేర్పింది చిన్న టీచరమ్మగారు. చిన్న అంటే వయసులో. అప్పటికి ఇరవై ఉంటాయేమో. వాళ్ళ నాన్న నాతోపాటే కాయలు వొలిచే మనిషి. ఆ అమ్మాయి స్కూలు ఫైనలు ప్యాసై, టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకుంటూ, ఈలోపు జీతం లేకుండా మా వయోజనుల క్లాసు చెప్పేది. క్లాసు అయ్యాక ఓ గంట వసారాలో కూర్చునేది. రాయడం రాని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెప్పి పుస్తకంలో రాయించుకునేవారు. ఎవరేం చెప్పారో ఆ అమ్మాయి నోటి వెంట రెండో మనిషికి వెళ్ళేది కాదు. అందుకే అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

ఒక సోమవారం సాయంత్రం పుస్తకంలో ఆ గుండ్రటి చేతిరాతతో ఈ ప్రశ్న ఉంది. ఎన్నేళ్ళయినా నాకు ఒక్క ముక్క మారకుండా గుర్తుంది: "ఒకింట్లో కొడుక్కి చదువొచ్చింది. వచ్చిన కాణ్ణించీ తల్లితో మాటల్లేవు. అన్నం తింటా కూడా కాయితాలు చూసుకుంటాడు. పిలిస్తే ఊఁ అంటాడు. ఆ తల్లి మాటాడేవోళ్ళు లేక కోళ్ళతో మాటాడతంది. చదువు పోకుండా మాట తిరిగొచ్చే ఉపాయం ఉంటే తెలిసినోళ్ళు రాయండి." కింద పేరు లేదు.

చదవడానికి నాకు పావుగంట పట్టింది. చదివి జాలిపడ్డాను కూడా. టీ బడి బెంచీ మీద కూర్చుని, "ఎవడో గానీ శుద్ధ గాడిదండి. కన్నతల్లిని కోళ్ళతో మాట్లాడిస్తాడా?" అని పదిమంది వినేలా అన్నాను. అంతా ఔనన్నారు. మర్నాటికి దాని కింద ఏడు జవాబులు వచ్చాయి. "కాగితాలు పొయ్యిలో పెట్టండి." "పెళ్ళి చేయండి, ఉన్న ఆ ఊఁ కూడా పోతుంది." "కోళ్ళు ఏమంటున్నాయో కూడా రాయగలరు."

మధ్యాహ్నానికి గొడుగు మావయ్యగారు వచ్చారు. గొడుగు మూసి ఉంది. ఆయన గొడుగు మూశారంటే కోపం తలకెక్కినట్టు.

"ఏరా అబ్బీ, పుస్తకం కాస్తున్నావా, నిద్రోతన్నావా?"

"ఆయ్, కాస్తన్నానండి."

"కాస్తే ఇదేంటిరా? మావాడు బీయే చదూతన్నాడని, సెలవలకొచ్చి మాటాడ్డం లేదని ఊరందరికీ తెలుసు. మా ఇంటి గుట్టు అంతా రేవులో పెట్టేత్తే నువ్వు టీ తాగుతా కూకున్నావా?"

"మీ ఇల్లని రాయలేదు కదండీ."

"రాయాలేంటి? చదివినోళ్ళకి తెలవదా?"

ఆయన వెళ్ళిన అరగంటకి పంటు నడిపే సరంగుగారు వచ్చి, అది తన ఇంటి సంగతేనన్నారు. వాళ్ళబ్బాయి పదో తరగతి. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకాయనకైతే అసలు కొడుకే లేడు, అల్లుడి గురించని అనుమానం. ఊళ్ళో చదువుకున్న కొడుకున్న ప్రతి ఇంటికీ ఆ ఆరు వాక్యాలు వెళ్ళి తలుపు కొట్టాయి. ఒక్క నా ఇంటి తలుపే కొట్టలేదు. నాకది వింతగా కూడా అనిపించలేదు.

నాలుగో షరతు: ఒకరింటి గుట్టు. అయిదో షరతు: రాసిన చెయ్యిదే పూచీ. రాసింది ఎవరో నాకు తెలుసు. బుధవారం పొద్దున్నే ఆ ప్రశ్న మీద కాగితం అంటించాను. పక్కన 'నెలరోజులు తాడు దూరం' అని నా చేత్తో రాసి చిన్న టీచరమ్మగారికి చూపించాను. ఆవిడ అది చదివి నా వైపు చూసింది. 'దూరం'లో దీర్ఘం సరిగ్గా పెట్టానో లేదో చూస్తోందనుకున్నాను.

"ఎవరు చెప్పేరో చెప్పండి, మీకు తగ్గిస్తాను" అన్నాను.

"చెప్పనండి."

"చెప్పకపోతే నెలరోజులూనండి."

"అలాగేనండి, అన్నయ్యగారూ" అని చెప్పులు వేసుకుని, సున్నం గీత దాటి అవతల నుంచుంది. నాకు చదువు చెప్పిన మనిషికే శిక్ష వేశానని, ఎంత నిక్కచ్చి మనిషినో చూడండని, ఆ పూట ఊరంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆ సాయంత్రం క్లాసుంది. నల్లబల్ల వసారాలో ఉంది, అంటే గీత లోపల. టీచరు గీత బయట. ఆవిడ అవతల నుంచుని "క కి ఏత్వమిస్తే!" అని కేకేస్తే, మేం ఇవతల కూర్చుని "కే!" అని అరిచాం. పంటు ఎక్కేవాళ్ళు గీత పక్కన సైకిళ్ళాపి చూశారు. ఎవరో గీత దాటి ఒక్క అడుగు లోపలికి రమ్మంటే, "శిక్ష శిక్షేనండి" అంది. నాకు ఎక్కడో సూది గుచ్చినట్టయింది కానీ, మొహమాటం లేని మనిషిని కదా, పైకి తేలనివ్వలేదు.

అసలు గొడవ అంతకుముందే, ఆ మధ్యాహ్నమే మొదలైంది. ట్రైనింగు దరఖాస్తుతో పాటు, సంఘంలో సేవ చేసినట్టూ నడవడిక మంచిదన్నట్టూ సంఘం పెద్ద సంతకంతో కాగితం జతచేయాలట. శుక్రవారం పొద్దున తపాలా సంచి పంటు ఎక్కుతుంది. ఆ సంచిలో పడకపోతే ఇక మళ్ళీ ఏడాదే. శిక్షలో ఉన్నవాళ్ళకి నడవడిక కాగితం ఎలా ఇస్తాం అన్నారు గొడుగు మావయ్యగారు. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళ నాన్న కాయలు వొలిచే చోట నా పక్కనే ఉన్నాడు. ఆయన గునపం మీద కాయ దిగే చప్పుడు మామూలుకంటే గట్టిగా వినిపించింది. వెళ్ళేటప్పుడు, "వొచ్చే యేడాదికి నేనుంటానో లేదో బాబూ" అన్నాడు. అంతే.

సాయంత్రం క్లాసు అయ్యాక ఆ అమ్మాయి గీత బయట నుంచి చెయ్యి చాచి నాకొక కాగితం ఇచ్చింది. అప్పీలు. శిక్ష పడ్డవాళ్ళు అప్పీలు ఇస్తే ముగ్గురు కూర్చుని వినాలి. ఆ ముగ్గురూ గొడుగు మావయ్యగారు, సరంగుగారు, పెద్ద మేష్టారు. అంటే ముగ్గురిలో ఇద్దరు అది తమ ఇంటి సంగతేనని మండిపడుతున్నవాళ్ళు. ఇంకో షరతుంది, పెద్ద మేష్టారు పెట్టింది: శిక్ష వేసినవాడే తను కప్పిన కాగితాన్ని అందరి ముందు విప్పి, కిందున్న రాత పైకి చదవాలి. "మూసిన చెయ్యి తెరవగలగాలి కదరా" అనేవారు. అంతవరకు వచ్చిన అప్పీళ్ళన్నీ ఒక్క ముక్క తిట్లు కాబట్టి చదివేశాను. ఇది ఆరు వాక్యాలు. పదిమందిలో పైకి. నా చదువెంతటిదో ఊరికి తెలిసిపోతుంది. ఆ అమ్మాయి ఏడాది పోతుందన్న భయం కంటే నాకు ఆ భయమే ఎక్కువ పట్టుకుంది. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు, కానీ నిజం.

ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు అప్పీలు కాగితం పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ చేపల పులుసు పోసింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ పిల్ల ఏం చేసిందిరా?"

"ఊఁ."

"నీకో మాట సెప్పాల్రా."

"ఊఁ."

"రేపు నలుగురూ కూకునే ముందే సెప్పాలి."

"ఊఁ, చెప్పు చెప్పు" అని కాగితం తిప్పాను. అమ్మ పెరట్లోకి వెళ్ళి, "చూసేరామ్మా మీ అన్నయ్య వైభోగం" అంది. ఎవరితో అందో నేను తలెత్తి చూడలేదు.

గురువారం మూడు గంటలకి అప్పీలు. పంటు ఆపేశారు, సరంగుగారు ఇక్కడ కూర్చున్నారు కాబట్టి. దాటవలసినవాళ్ళందరూ ఒడ్డునే ఉండిపోయి, వాళ్ళు కూడా మా జనంలో కలిశారు. గేదెలు కూడా రెండున్నాయి. వసారాలో బల్ల మీద ముగ్గురు పెద్దలు. సున్నం గీత బయట చిన్న టీచరమ్మగారు, తెల్ల వాయిల్ చీర, చేతిలో దరఖాస్తు కవరు. దానికి అప్పటికే స్టాంపులు అంటించి ఉన్నాయి. వాళ్ళ నాన్న ఆమె వెనకాల తలగుడ్డ చేత్తో పట్టుకుని నుంచున్నాడు.

"ఎవరు చెప్పి రాయించేరమ్మా?" అన్నారు గొడుగు మావయ్యగారు.

"చెప్పనండి."

"మా ఇంట్లో ఆడవాళ్ళేనా?"

"ఎవరైనా చెప్పనండి. వాళ్ళు నమ్మి చెప్పేరండి."

"చెప్పకపోతే శిక్ష ఖాయం. కాగితం మీద నే సంతకం పెట్టను. తెలుసుగా?"

"తెలుసండి."

పెద్ద మేష్టారు నా వైపు తిరిగి, "విప్పరా" అన్నారు. తడిగుడ్డతో కాగితం నానబెట్టాను. మైదా జిగురు, ఓ పట్టాన రాదు. వచ్చింది. వేలు పెట్టుకుని మొదలుపెట్టాను. "ఒ-కిం-ట్లో... కొ-డు-క్కి..." ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. కుట్టుమిషను బావగారే. నా చెవులు కాలిపోయాయి. వేలు జరిపాను. "వచ్చిన... కాణ్ణించీ... తల్లితో... మాటల్లేవు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను అంతకుముందు దాన్ని నాలుగుసార్లు చదివాను, అన్నీ మనసులోనే. మనసులో చదివితే అవి అక్షరాలు. కొమ్ములూ గుడులూ దాటుకుంటూ పోవడమే. మొదటిసారి నా నోటితో పైకి చదువుతుంటే అది నా చెవికి వినపడింది. 'వచ్చిన కాణ్ణించీ' అనేది ఎవరు? 'తింటా కూడా' అనేది ఎవరు? ఆ అమ్మాయి చెప్పినది చెప్పినట్టే రాసింది, ఒక్క ముక్క దిద్దలేదు. "అన్నం తింటా కూడా కాయితాలు..." అన్నాను. నిన్నటి చేపల పులుసు గుర్తొచ్చింది. "పిలిస్తే..." అన్నాను. తర్వాత మాట 'ఊఁ'. అది నా నోట్లోంచి రాలేదు.

"చదవవేం?" అన్నారు సరంగుగారు.

తలెత్తాను. చిన్న టీచరమ్మగారు నన్నే చూస్తోంది. కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. తన ఏడాది పోతున్నా, నా పరువు పోకూడదని చూస్తోంది ఆ పిల్ల. నేను పుస్తకం మూసేసి, 'శిక్ష సరైనదే' అని ఒక్క ముక్క అంటే చాలు. ఎవరికీ తెలియదు. ఇద్దరు పెద్దలు ఎలాగూ నా వైపే. అబద్ధం ఎందుకు, ఆ ఒక్క ముక్క నాలిక చివరిదాకా వచ్చింది. కవరు మీద స్టాంపులు మళ్ళీ కనపడ్డాయి.

"శిక్ష తప్పండి" అన్నాను. "ఇది మా ఇంటి సంగతండి."

ఆ తర్వాత జరిగింది నేను కలలో కూడా అనుకోలేదు. గొడుగు మావయ్యగారు బల్ల మీద గుద్ది లేచారు.

"నీదెలాగవుద్దిరా? మాది! మావాడు బీయే!"

"కాదండి, మాదండి" అన్నారు సరంగుగారు. "మావాడు పిలిస్తే ఊఁ కూడా అనడండి."

"అయితే మీది కాదుగా, అందులో ఊఁ అంటాడని ఉంది!"

"మీకు కోళ్ళున్నాయా మావయ్యగారూ?" అన్నాను.

"కోళ్ళు లేవు. చిలకుంది. మా ఆవిడ దాంతో మాటాడద్ది" అన్నారు. కోపంగా మొదలుపెట్టారు గానీ చివరికొచ్చేసరికి గొంతు ఎందుకో మెత్తబడింది.

అప్పుడు గేదెల వెనకనుంచి వినపడింది, "కోళ్ళు నాయేనండి."

మా అమ్మ. చేతిలో సగం పేనిన తాడు, చీర నిండా పీచు. జనాన్ని తోసుకుంటూ వచ్చి సున్నం గీత దగ్గర ఆగి, నన్నడిగింది, "నేను లోపలికి రావచ్చాండీ, పుస్తకం కాసేవోరూ?" కన్నతల్లి నన్ను 'అండీ' అంది. ఆ దెబ్బకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది ఊరంతా.

"నోరు నాదండి బాబూ" అంది పెద్దల వైపు తిరిగి. "ఆ పిల్ల చెయ్యొక్కటే. దాన్నొదిలెయ్యండి. కావాలంటే నన్ను గీత బయట కూకోబెట్టండి. ఎక్కడ కూకున్నా తాడు పేనడవేగా."

"వీడితోనే చెప్పకపోయావా?" అన్నారు పెద్ద మేష్టారు.

"సెప్పేనండి. మూడు సార్లు సెప్పేను. ఊఁ అన్నాడండి. పుస్తకంలో ఉంటే గానీ సదవడని, పుస్తకంలో ఏయించేనండి."

పెద్ద మేష్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. (నవ్వు ఆపుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది.) ఆపైన తీర్పు చెప్పారు. ఒకరింటి గుట్టు ఇంకొకరు రాయకూడదన్నదే షరతు, ఎవరింటి సంగతి వాళ్ళు చెప్పుకుంటే అది గుట్టు కాదు, గోడు. కాబట్టి శిక్ష చెల్లదు. చెయ్యిదే పూచీ అన్న అయిదో షరతు ఈ పూటతో రద్దు. సరంగుగారు ఔనన్నారు. గొడుగు మావయ్యగారు కలం తీసి, "ఏదమ్మా ఆ కాయితం" అన్నారు. చిన్న టీచరమ్మగారు కదల్లేదు. ఎందుకా అని చూస్తే, గీత. నేను వెళ్ళి కాలితో సున్నం చెరిపేశాను. అప్పుడు వచ్చింది.

"ఇంకా ఒకటి మిగిలింది" అన్నారు పెద్ద మేష్టారు. "ప్రశ్నకి జవాబులు ఏడొచ్చేయి, ఒక్కటీ పనికిరాలేదు. నువ్వు రాయి."

జీవితంలో ఎవరూ చెప్పకుండా, దేన్నీ చూసి కాకుండా నేను రాసిన మొదటి వాక్యం అది. చెమటలు కారాయి. పంటు ఎక్కవలసినవాళ్ళు గోల పెడుతున్నారు. "ఇక నుంచి మాట్లాడతాను" అని రాసి, సంతకం పెట్టి, పుస్తకం మా అమ్మ వైపు తిప్పాను. తాడు సరిగ్గా అంతవరకే వచ్చింది.

అమ్మ దాన్ని అటూ ఇటూ చూసింది. "నాకేం తెలుస్తాదిరా ఇది? నోటితో సెప్పు."

ఊరంతా చూస్తోంది. మొహం మీద చెప్పేవాణ్ణని పేరున్నవాణ్ణి. ఒక్క ముక్క తట్టలేదు. చివరికి, "అన్నం తిన్నావా అమ్మా?" అన్నాను.

"మూడున్నరయింది. ఇప్పుడా అడగడం?" అంది అమ్మ. అని, కొంగుతో నా చేతికంటిన మైదా జిగురు తుడిచింది.

కవరు శుక్రవారం సంచిలో పడింది. చిన్న టీచరమ్మగారు ట్రైనింగు పూర్తిచేసి కాట్రేనికోన వైపు బళ్ళో చేరారు. వెళ్ళేముందు మా అమ్మని కూడా చదువుకోమని బతిమాలారు. "నాకొద్దు తల్లీ, నేనూ నేర్చుకుంటే ఇంట్లో ఇద్దరం మూగోళ్ళమైపోతాం, కోళ్ళు దిక్కులేనివైపోతాయి" అని అమ్మ తప్పించుకుంది. నేను ఆ తర్వాత అయిదేళ్ళు పుస్తకం కాశాను. చాలామందికి కాగితాలు అంటించాను, కానీ ప్రతి రాతనీ అంటించే ముందు ఒకసారి పైకి చదువుకునేవాణ్ణి. పిచ్చివాడనుకునేవారు. తాడు చివికి రెండుసార్లు మార్చాం. ఆఖరిసారి పేనింది అమ్మ కాదు.

ఈ కథ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఇప్పటికీ నెమ్మదే. ఇందాక, 'అంతటితో నాకు బుద్ధి వచ్చింది' అని ఒక వాక్యంతో ముగిద్దామని కలం పట్టుకుని ఆలోచిస్తుంటే, వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అడిగింది. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి పెరటి తలుపు తీసిన చప్పుడైంది. మాకు కోళ్ళు లేవు. ఎవరితో మాట్లాడుతోందా అని చెవి ఒగ్గాను. మామిడి చెట్టు మీద ఉడుతతో.

ఆ వాక్యం కొట్టేసి, లేచి వెళ్తున్నాను.